యాప్‌లు తయారుచేసే వారికి ఒక రీఛార్జి కొట్టు నుంచి బహిరంగ లేఖ

యాప్‌లు తయారుచేసే కంపెనీల వారికి, బ్యాంకుల్లో మొబైల్ సేవలు చూసుకునే వారికి, ప్రభుత్వ శాఖల్లో యాప్‌లు చేయించే అధికారులకు,

నమస్కారం.

మాది మార్కాపురం వైపు ఒక మండల కేంద్రం. బస్టాండు ఎదురుగా 2005 నుంచి కొట్టు నడుపుతున్నాను. మొదట్లో ఎస్టీడీ బూత్, తర్వాత రీఛార్జి కూపన్లు, జిరాక్సు, పాస్‌పోర్టు ఫొటోలు. ఇప్పుడు వీటన్నిటికంటే ఎక్కువ టైమ్ తీసుకునే పని ఇంకొకటుంది. దానికి పేరు లేదు. జనం వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టి "ఇదేందో చూడు" అంటారు. చూసి చెప్తాను, లేదంటే నేనే నొక్కి పెడతాను. రోజుకు ఇరవై ముప్పై మంది వస్తారు. సంత రోజున ఇంకా ఎక్కువ.

పల్లెటూరి వాళ్లకు అవగాహన లేదు, అందుకే యాప్‌లు వాడలేకపోతున్నారు అని టీవీలో, పేపర్లో తరచూ వింటుంటాను. ఆ మాట విన్నప్పుడల్లా మనసుకు కష్టంగా ఉంటుంది. మా వాళ్లు ఏ యాప్‌ను ఎందుకు పట్టుకున్నారో, దేన్ని ఎందుకు వదిలేశారో ఇరవై ఏళ్లుగా దగ్గరుండి చూస్తున్నాను. మీకు అది చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మా అమ్మల వేలు స్క్రీన్ మీదకు వెళ్లి ఎందుకు ఆగిపోతుందో మీకు అర్థం కాదు. అప్పట్లో పది రూపాయల కూపన్ గీకి బ్యాలెన్స్ వేసుకున్న మనిషి, ఒక్క కాల్ చేయకుండానే మర్నాడు మళ్లీ వచ్చేవాడు. "డబ్బులు కట్ అయినాయి" అనేవాడు. చూస్తే ఏదో కాలర్ ట్యూనో, జాతకమో, క్రికెట్ స్కోరో యాక్టివేట్ అయి ఉండేది. స్క్రీన్ మీద ఏదో మెరిసింది, ఓకే నొక్కాడు, అంతే. అలా నెలల తరబడి డబ్బులు పోగొట్టుకున్న కూలీలు ఉన్నారు. చివరికి 2013లో ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ గట్టి నిబంధన పెట్టింది. ఇలాంటి సర్వీసు ఏదైనా మొదలుపెట్టాలంటే వినియోగదారుడి అంగీకారం రెండుసార్లు తీసుకోవాలని చెప్పింది. ఆపించుకోవడానికి 155223 నంబరు కూడా ఉంది. ఆ నంబరు కాగితం మీద రాసి కొట్టులో అంటించాను. కానీ నిబంధన వచ్చేలోపే మా జనం సొంత డబ్బు పోగొట్టుకుని ఒక విషయం నేర్చుకున్నారు. తెలియని బటన్ నొక్కితే డబ్బులు పోతాయి. ఆ తర్వాత వచ్చిన ప్రతి యాప్ ఆ భయం మీదుగానే నడిచి రావాల్సి వచ్చింది.

అదే రోజుల్లో ఇంకో విషయం కూడా చూశాను. ఫోన్లో ఇంటర్నెట్ అంటే భయపడిన ఆ జనమే మెమరీ కార్డు తెచ్చి, ముప్పై రూపాయలిచ్చి పాటలు ఎక్కించుకుని పోయేవాళ్లు. ఏ పాటలు కావాలో జాబితా రాసుకుని వచ్చేవాళ్లు. డబ్బు ఎంత అవుతుందో ముందే తెలుసు, ఎక్కించేవాడు ఎదురుగా ఉన్నాడు, పాట రాకపోతే వచ్చి అడగొచ్చు. ఈ మూడూ ఉన్నాయి కాబట్టే వాళ్లకు భయం లేదు. ఫోన్ అంటే ఇష్టం లేని ఊరు కాదు మాది.

తర్వాత 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. అంతకుముందు ఒక జీబీ డేటా వేసుకోవడానికి ఆలోచించినవాళ్లు రోజంతా వీడియోలు చూడటం మొదలుపెట్టారు. డేటా చౌకయింది కాబట్టి అన్ని యాప్‌లూ నడుస్తాయని చాలామంది అనుకున్నారు. నా కౌంటర్ దగ్గర అలా జరగలేదు. వాట్సాప్, యూట్యూబ్ ఇంటింటికీ వెళ్లాయి. మిగతావి చాలావరకు ఫోన్‌లో అలా పడి ఉన్నాయి, లేదంటే స్పేస్ కోసం తీసేయించుకున్నారు.

వాట్సాప్ ఎలా నిలిచిందో గమనించండి. యూజర్ నేమ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఫోన్ నంబరే మనిషి పేరు. అక్షరం రాని తల్లి మైకు బొమ్మ మీద వేలు పెట్టి పట్టుకుని, హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉన్న కొడుకుతో "తిన్నావా నాయనా" అంటుంది. వేలు తీస్తే మాట వెళ్లిపోతుంది. అవతలివాడు విన్నాడో లేదో తిరిగొచ్చిన మాటే చెబుతుంది. ఈ పని నేను ఎవరికీ రెండోసారి నేర్పించాల్సి రాలేదు. 2011 జనగణన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 67 శాతం, ఆడవాళ్లలో 59 శాతం. అంటే నూరు మంది ఆడవాళ్లలో నలభై మందికి మీ స్క్రీన్ మీది తెలుగు కూడా బొమ్మలాగే కనిపించేది. వాళ్లలో చాలామంది ఇవాళ మా కొట్టుకు వచ్చే అవ్వలు.

యూపీఐ సంగతి నాకు ఇంకా పెద్ద పాఠం. 2016 ఏప్రిల్‌లో దాన్ని ప్రకటించారు, ఆగస్టుకు బ్యాంకుల యాప్‌లు వచ్చాయి, నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. చేతిలో నోట్లు లేని ఆ రెండు నెలల్లో మా బస్టాండులో జనం యాప్‌ల వైపు పరిగెత్తి ఉండాలి. పరిగెత్తలేదు. అప్పు రాసుకున్నారు, బ్యాంకు ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు. మా దగ్గర కూరగాయల బండ్ల వాళ్లూ టీ కొట్టు వాళ్లూ నిజంగా మారింది ఆ తర్వాత కొన్నేళ్లకు, సౌండ్ బాక్సు వచ్చాక. టీ కొట్టాయనకు స్కానర్ ముందే ఇచ్చిపోయారు. ఆయన దాన్ని గోడకు తిప్పి పెట్టాడు. ఎందుకంటే రెండు చేతులూ పాల గిన్నె మీద ఉంటే, పది రూపాయలు పడ్డాయో లేదో ఫోన్ తీసి ఎవరు చూస్తారు? "కొట్టాను" అని చూపించి పోయేవాళ్లను ఎలా నమ్ముతాడు? డబ్బా తెలుగులో "పది రూపాయలు వచ్చాయి" అని పైకి అనడం మొదలైన రోజునే ఆయన స్కానర్‌ను మళ్లీ ముందుకు తిప్పాడు. ఆ మాట ఇచ్చేవాడికీ వినబడింది, తీసుకునేవాడికీ వినబడింది, పక్కన బెంచీ మీద కూర్చున్నవాళ్లకూ వినబడింది. ముగ్గురు సాక్షుల ముందు డబ్బు చేతులు మారినట్టే. మా ఊళ్లో వ్యవహారం ఎప్పుడూ అలాగే నడిచింది.

ఇప్పుడు మీ లెక్కల సంగతికి వస్తాను. 2023 ఆగస్టులో యూపీఐ చెల్లింపుల సంఖ్య ఒక్క నెలలో 1,000 కోట్లు దాటింది. రెండేళ్లు తిరిగేసరికి, 2025 ఆగస్టులో 2,000 కోట్లు దాటింది. ఆ అంకెలు పేపర్లో చూసి నేనూ సంతోషపడ్డాను, మా టీ కొట్టు పది రూపాయలు కూడా అందులో ఉన్నాయి కదా. కానీ ఆ అంకెల్లో కనిపించని విషయం ఒకటుంది. ఏ వేలు నొక్కిందో వాటిలో ఉండదు. మా దగ్గర చాలా ఫోన్లలో యాప్‌ను నడిపేది ఫోన్ యజమాని కాదు. మనవడు, కోడలు, పక్కింటి డిగ్రీ పిల్ల, లేకపోతే నేను. మీరు ఒక మనిషి, ఒక ఫోన్ అనుకుని యాప్ తయారుచేస్తున్నారు. మా ఊళ్లో ఒక ఫోన్ వెనక ఇద్దరు ముగ్గురు ఉంటారు. సాయం చేసే ఆ రెండో మనిషిని మీరు లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే మా కష్టాల్లో సగం వస్తున్నాయి.

మొన్న ఒక అవ్వ వచ్చింది. కూతురు పంపిన డబ్బులు పడ్డాయో లేదో చూడమంది. బ్యాలెన్స్ చూడాలంటే పిన్ కొట్టాలి. ఆమె కొట్టులో నలుగురి ముందు నాలుగంకెలూ పైకి చదివింది. "అవ్వా, అది నాకు కూడా చెప్పకూడదు" అన్నాను. "నీకు చెప్తే ఏమవుద్ది నాయనా, ఇరవై ఏళ్ల నుంచి చూస్తన్నా నిన్ను" అంది. ఆ మాటకు ఒక పక్క సంతోషం, ఒక పక్క భయం. నా చేతిలో అలా ఎంతమంది పిన్‌లు ఉన్నాయో తలుచుకుంటే రాత్రి టెన్షన్‌గా ఉంటుంది. నేను మంచివాడినే కావచ్చు. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాడు? ఆమె తప్పు ఏముంది ఇందులో? సాయం అడగాలంటే తాళం చెవి ఇవ్వడం తప్ప ఇంకో దారి మీరు పెట్టలేదు.

ఓటీపీ కథ ఇంతకంటే ఘోరం. భర్త గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్లి ఉంటాడు. భార్య ఆధార్‌కు కూడా ఆయన నంబరే లింక్ అయి ఉంటుంది. ఇక్కడ భార్య ఏదైనా పథకానికి ఈకేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూసే పని, చేయించుకోవాలంటే ఓటీపీ ఆయన ఫోన్‌కు పోతుంది. ఆయన చేనులో ఉంటాడు, సిగ్నల్ ఉండదు. ఉన్నా మెసేజ్ చదవలేక పక్కనున్నవాడికి చూపిస్తాడు. ఆ పక్కవాడు ఫోన్లో నాకు చదివి వినిపిస్తాడు, ఈలోపు టైమ్ అయిపోతుంది, మళ్లీ మొదటి నుంచి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని ఒకవైపు రోజూ ప్రకటనలు. చెప్పకపోతే రావలసినది రాదు అనేది రెండోవైపు. మంచిపనికి పదిసార్లు ఓటీపీ చెప్పడం అలవాటైన మనిషి, పదకొండోసారి ఫోన్ చేసిన మోసగాడికి చెప్తే ఆ మనిషినే తప్పు పడతారా?

సాయం చేసేవాడు ఉంటాడని ఒప్పుకుని చేసిన పద్ధతులు లేకపోలేదు. పెన్షనర్ల జీవన్ ప్రమాణ్ చూడండి. పెన్షనర్ బతికే ఉన్నాడని చూపే లైఫ్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే పద్ధతి 2014లో వచ్చింది, ఫోన్ కెమెరాతో ముఖం చూపించి ఇచ్చే వీలు 2021లో వచ్చింది. ఆ యాప్‌లో ముందు సాయం చేసేవాడు ఆపరేటర్‌గా తన ముఖం చూపించి నమోదు కావాలి. ఆ తర్వాతే పెన్షనర్ ముఖం. ఎవరు సాయం చేశారో రికార్డులో ఉంటుంది, పెన్షనర్ బ్యాంకు పిన్ నా చేతికి రాదు. నవంబరు వచ్చిందంటే సెంట్రల్ గవర్నమెంటులో చేసి రిటైరైన పెద్దలు మా కొట్టుకు వచ్చి, ఒకసారి కళ్లు ఆర్పి, ధైర్యంగా ఇంటికి వెళ్తున్నారు. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ కూడా ఈ దారిలోదే. కొడుకు తన ఖాతా నుంచి తల్లి నెలకు 15,000 రూపాయల వరకు వాడుకునేలా ఏర్పాటు చేయొచ్చు, ఒక్కో చెల్లింపు 5,000 దాటకూడదు. బాగుంది. కానీ దాన్ని మొదలుపెట్టడానికి రెండు ఫోన్లలో ఎన్ని స్క్రీన్లు దాటాలో ఒకసారి మీరే చేసి చూడండి. బ్యాలెన్స్ మాత్రమే చూసే వీలు, పిన్ చెప్పకుండా సాయం తీసుకునే వీలు, సాయం చేసినవాడి పేరు నమోదయ్యే వీలు మామూలు యాప్‌లలో ఎందుకు ఉండకూడదు?

2022 మార్చి 8న మామూలు బటన్ ఫోన్లకు యూపీఐ 123పే అని తెచ్చారు. కాల్ చేసి డబ్బు పంపొచ్చు. మా మండలంలో బటన్ ఫోన్లు ఇప్పటికీ బోలెడు. దాని గురించి నా కౌంటర్ దగ్గర అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ముగ్గురు కూడా లేరు. చెప్పిన మనిషి లేడు కాబట్టి అడిగిన మనిషి లేడు.

ఇక మీ తెలుగు. తెలుగులో పెట్టామని మీరు చెప్పుకుంటారు, సంతోషమే. ఒకసారి మా వాళ్లకు చదివి వినిపించండి. "లావాదేవీ విఫలమైంది." "లబ్ధిదారుని జోడించండి." "సెషన్ గడువు ముగిసింది." ఇవి చదివితే పదో తరగతి పాసైనవాళ్లు కూడా మళ్లీ ఇంగ్లీషుకే మార్చేయమంటున్నారు. మా దగ్గర మనుషులు "డబ్బులు పోలేదు" అంటారు, "ఎవరికి పంపాలి" అంటారు, "చాలాసేపు ఊరుకున్నారు, మళ్లీ తెరవండి" అంటారు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం ఒకటి వస్తే ఐఫోన్లే ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. విజ్ఞానం, జ్ఞాపకం అని మనం రోజూ రాసే అక్షరంలాగే కనిపించేది అది. కొన్ని రోజుల్లో సరిచేశారు. కానీ అమ్మకానికి పెట్టేముందు తెలుగు చదివే మనిషి ఎవరైనా దాన్ని వాడి చూశారా అని నాకు అప్పుడూ అనుమానమే, ఇప్పుడూ అనుమానమే.

డబ్బు మధ్యలో ఆగినప్పుడు మీ స్క్రీన్ ఏం చెబుతుందో అదే అన్నిటికంటే ముఖ్యం. ఒక మేస్త్రీ నా కొట్టులో నిలబడే సిమెంటు షాపుకు డబ్బు కొట్టాడు. ఖాతాలో కట్ అయింది, అవతల పడలేదు. స్క్రీన్ మీద "పెండింగ్" అని ఒక్క మాట. ఎక్కడ ఆగింది, ఎవరి దగ్గరుంది, ఎప్పుడొస్తుంది, ఏమీ లేదు. అది ఆయన నలుగురు కూలీల రోజు డబ్బు. మూడు రోజులు మా కొట్టు చుట్టూ తిరిగాడు. నిజానికి దీనికి నియమం ఉంది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మనిషికి పంపిన యూపీఐ డబ్బు అవతల పడకపోతే మర్నాటికల్లా దానంతట అదే వెనక్కి రావాలి. దుకాణాలకు కట్టినదైతే ఐదు రోజుల్లోపు. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ నాలుగు ముక్కలూ ఆ పెండింగ్ స్క్రీన్ మీదే ఎందుకు రాయరు? "మీ డబ్బు బ్యాంకు దగ్గరుంది. ఫలానా తేదీలోపు వెనక్కి వస్తుంది. రాకపోతే ఇక్కడ నొక్కండి" అని రాసి, పక్కన వినిపించే బొమ్మ ఒకటి పెట్టండి. ఆ మేస్త్రీకి డబ్బు తిరిగొచ్చింది. ఆయన మాత్రం ఆ తర్వాత పెద్ద మొత్తం ఏదీ ఫోన్లో కొట్టలేదు. ఇప్పటికీ నోట్లే.

మోసాల గురించి తెలిసినవే, ఎక్కువ రాయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. డబ్బు రావాలంటే పిన్ కొట్టనక్కర్లేదు, పంపాలంటే కొట్టాలి. ఈ చిన్న సంగతి తెలియకపోవడం వల్ల, అవతలివాడు మన దగ్గర డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టు వస్తే డబ్బు వస్తోందనుకుని పిన్ కొట్టి పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. మనిషికీ మనిషికీ మధ్య ఆ రిక్వెస్టులను 2025 అక్టోబరు నుంచి ఆపారు. మంచిపని. ఇప్పుడు వాట్సాప్‌లో పెళ్లి పత్రిక పేరుతో, పథకం పేరుతో ఏపీకే ఫైళ్లు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించేసే ఫైళ్లు, వస్తున్నాయి. నొక్కితే ఫోన్ వాళ్ల చేతిలోకి పోతుంది. ఒక ఇంట్లో ఇలా జరిగితే ఆ వీధిలో పది ఇళ్లవాళ్లు నా దగ్గరకు వచ్చి బ్యాంకు యాప్ తీసేయమంటారు. ఇలాంటి మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలని నేను చెప్తూనే ఉంటాను. ఆ నంబరు ప్రతి డబ్బుల యాప్‌లోనూ మొదటి పేజీలో, వేలికి అందేచోట ఉండాలి.

ప్రభుత్వ శాఖల వారికి ప్రత్యేకంగా ఒక మనవి. శాఖకొక యాప్ చేయించకండి. మా వాళ్ల ఫోన్లు ఏడెనిమిది వేలవి, అందులో సగం చోటు గుడ్ మార్నింగ్ ఫొటోలతో, మనవరాళ్ల వీడియోలతో నిండి ఉంటుంది. ఆ వీడియోలు తీసేసి మీ యాప్ ఎక్కించమని నేను చెప్పలేను. యాప్ తెరిస్తే "అప్‌డేట్ చేయండి" అంటుంది. సాయంత్రానికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. ఫోన్ పాతదైతే అప్‌డేట్ అసలు ఎక్కదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర ఈ విషయంలో సరైన ఆలోచన. అది 161 సేవలతో మొదలైంది. జనం ముందే వాడుతున్న వాట్సాప్‌లోనే 9552300009 నంబరుకు మెసేజ్ పెడితే పని జరుగుతుంది. కొత్తగా ఎక్కించేదేమీ లేదు. నేను ఆ నంబరు చాలామంది ఫోన్లలో సేవ్ చేసి పెట్టాను. మైకు బొమ్మ నొక్కి "నా కరెంటు బిల్లు ఎంత" అని మా అవ్వ మాటల్లో అడిగితే అక్కడ మాటతోనే జవాబు వచ్చే రోజు కోసం చూస్తున్నాను.

ఇంకొకటి. ఇంట్లో గోడ జరిపినట్టు రాత్రికి రాత్రి స్క్రీన్ మార్చేస్తారు. మా వాళ్లు చదివి వాడరు, చోటు గుర్తుపెట్టుకుని వాడతారు. "కిందనుంచి రెండోది, పచ్చది" అని మనవడు నేర్పి బెంగుళూరు వెళ్లిపోయాడు. మీరు ఆ పచ్చదాన్ని పైకి తీసుకెళ్లి నీలం రంగు వేశారు. ఆ చోట ఇప్పుడు లోన్ ప్రకటన ఉంది. ఆ తాత లోన్ నొక్కాడు. ఇంత చిన్న సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరని నాకు తెలుసు, ఆ తాతకు మీకు ఉత్తరం రాయడం రాదు. చోటు మార్చక తప్పకపోతే, పాత స్క్రీనే ఉంచుకునే వీలు కొన్నాళ్లయినా ఇవ్వండి. డబ్బు పంపే బటన్ ఉన్న పేజీలో లోన్ ప్రకటనలు పెట్టకండి.

మా దగ్గర బ్యాంకు కౌంటర్ల దగ్గర కూడా "యాప్‌లో చేసుకోండి" అని తిప్పి పంపడం ఎక్కువైంది. వాళ్లు అక్కడి నుంచి నేరుగా నా దగ్గరకే వస్తారు. ఆ పని నేను చేస్తాను, చేయడం నాకు ఇష్టమే. కానీ నాకు ఏ గుర్తింపూ లేదు, బాధ్యత కూడా లేదు. తప్పు జరిగితే అడగడానికి వాళ్లకు ఎవరూ లేరు. మాలాంటి కొట్లవాళ్లను పిలిచి, రెండు రోజులు నేర్పించి, పేరు నమోదు చేసి, ఏ పనికి ఎంత తీసుకోవాలో బోర్డు రాయించండి. మేం ఎలాగూ చేస్తున్న పనే అది. దానికి ఒక పద్ధతి పెట్టమని అడుగుతున్నాను.

మీలో ఎవరికైనా వీలైతే ఉగాదికి ముందు వారం మా ఊరికి రండి. మిరపకోతలకు పోయినవాళ్లు అప్పటికి చాలామంది తిరిగొస్తారు. చేతిలో డబ్బులుంటాయి, ఫోన్లో మూడు నెలల మెసేజ్‌లు చదవనివి ఉంటాయి. మార్కాపురంలో దిగి మా వైపు బస్సెక్కితే బస్టాండులోనే దింపుతుంది. కౌంటర్ ఇవతల నా పక్కన ఇంకో స్టూల్ వేస్తాను. మీ యాప్ ఉన్న ఫోన్ ఎవరైనా తెస్తే, దాన్ని నేను ముట్టుకోకుండా మీ చేతికే ఇస్తాను.

ఇట్లు,
ఒక రీఛార్జి కొట్టు యజమాని,
మార్కాపురం ప్రాంతం